నార్వే, ఐస్‌లాండ్ క్రూజ్‌లో ఓడ ఆగిన పూట పక్షులు చూడటం ఎలా

కొడుకు లండన్‌లోనో, కూతురు స్టాక్‌హోమ్‌లోనో ఉంటారు. నాన్న రిటైరయ్యాడనో, అమ్మకు అరవై నిండాయనో ఒక క్రూజ్ టికెట్ బుక్ చేస్తారు. బెజవాడ, గుంటూరుల్లో ఇప్పుడిది వింతేమీ కాదు. ఓడ రోజుకో రేవులో ఆరు నుంచి తొమ్మిది గంటలు ఆగుతుంది. ఎక్కువమంది టూరు బస్సెక్కి, ఒక జలపాతం చూసి, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ ఒకటి కొనుక్కుని వెనక్కి వస్తారు. పక్షులంటే కాస్తయినా ఇష్టం ఉన్నవాళ్లు ఆ గంటల్ని ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇదంతా.

ఒక మాట ముందే అనేస్తాను. రేవుకు ఒక్క చోటే పెట్టుకోండి. "అంత దూరం వెళ్లి ఒక్కటేనా?" అని ఇంట్లోవాళ్లు అంటారు, అననివ్వండి. ఒకే కొండ అంచున రెండు గంటలు కూర్చుంటే ఏ పక్షి ఎటునుంచి వస్తోందో, నోట్లో ఏం తెస్తోందో, ఏ బొరియలోకి దూరుతోందో తెలుస్తుంది. నాలుగు చోట్లు తిరిగితే నాలుగు పార్కింగ్ స్థలాలు తెలుస్తాయి.

ముందు నెల తేల్చుకోండి

మనకు సెలవులంటే ఏప్రిల్, మే. అక్కడి సముద్రపక్షులకు జూన్ ముఖ్యం. పఫిన్ అనే పొట్టి, నలుపు తెలుపు సముద్రపక్షి ఏడాదిలో ఎక్కువ భాగం నడిసముద్రంలోనే ఉంటుంది. గుడ్డు పెట్టి పిల్లను పెంచడానికి మాత్రం ఏప్రిల్‌లో ఒడ్డుకొచ్చి, ఆగస్టులో వెళ్లిపోతుంది. ఫొటోల్లో కనిపించే ఆ రంగుల ముక్కు కూడా ఈ రోజుల్లోనే ఉంటుంది. చలికాలంలో ఆ పైపొరలు రాలిపోయి ముక్కు చిన్నదై, మసకబారుతుంది. కాబట్టి జూన్ మొదటి వారం నుంచి జూలై నడిమి దాకా వెళ్లే ఓడ చూసుకోండి. ఆగస్టు చివర్లో టికెట్ చవగ్గా వస్తుందని ఏజెంటు ఊరిస్తాడు. వెళ్లొచ్చు, కొండలు అందంగానే ఉంటాయి, కానీ వాటి మీది పక్షులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి.

జూన్‌లో ఇంకో లాభం వెలుగు. నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో సుమారు మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. రాత్రి పదకొండింటికి డెక్ మీద నిలబడి బైనాక్యులర్ వాడొచ్చు. నిద్ర పట్టదని కంగారుపడకండి, గదికి మందపాటి కర్టెన్లుంటాయి.

రూటు, వీసా

టికెట్ కొనే ముందు రేవుల జాబితా తీసి, ఒక్కొక్కటీ ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయ) లోపల ఉందా, బయటి సముద్రానికి దగ్గరగా ఉందా మ్యాప్‌లో చూడండి. గైరాంగర్, ఫ్లోమ్ లాంటి లోపలి రేవుల్లో కొండలు, జలపాతాలు అద్భుతం, సముద్రపక్షులు మాత్రం తక్కువ. అక్కడ వాగుల పక్కన డిప్పర్ కోసం చూడండి. గుండ్రంగా, ముదురు గోధుమరంగులో, తెల్లటి రొమ్ముతో ఉండే చిన్న పిట్ట. ఉరికే నీళ్లలోకి దిగి అడుగున నడుస్తుంది. నార్వే జాతీయ పక్షి అదే.

ఓడ సౌతాంప్టన్ నుంచి బయల్దేరితే యూకే వీసా, నార్వే, ఐస్‌లాండ్‌ల కోసం షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) రెండూ ఉండాలి. ఉత్తర ధ్రువం వైపున్న నార్వే దీవులు, స్వాల్‌బార్డ్, షెంగెన్ పరిధిలో లేవు. అక్కడికి పోయి మళ్లీ నార్వేకి రావాలంటే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు. ఫారో దీవులకు షెంగెన్ వీసా మామూలుగా చెల్లదు, అక్కడ చెల్లుతుందని వీసా మీద ప్రత్యేకంగా రాసి ఉండాలి. ఇవన్నీ అప్లికేషన్ పెట్టకముందే చూసుకుంటే టెన్షన్ ఉండదు.

బైనాక్యులర్

8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10, 12 రెట్లవి గొప్పగా కనిపిస్తాయి కానీ కదిలే ఓడ మీద బొమ్మ నిలవదు. మొదటిసారి కొనేవాళ్లకు పది పన్నెండు వేలల్లో దొరికేది చాలు. వాటర్‌ప్రూఫ్ అవునో కాదో మాత్రం తప్పక అడగండి.

కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయాలి, లేకపోతే సొరంగంలోంచి చూస్తున్నట్టే. కొన్న రోజే కళ్లకు సరిచేసుకోండి. కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమకంటికి దూరపు బోర్డు మీది అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేయండి. తర్వాత ఎడమకన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడివైపు చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయండి. ఆ రింగు ఇక కదపక్కర్లేదు. దానితో వచ్చే సన్నటి మెడతాడు అరగంటకే మెడ లాగేస్తుంది, భుజాల మీదుగా వేసుకునే బెల్టు కొనండి.

ఫోన్లో పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ వేసుకుని, వెళ్లే దేశాల పక్షుల ప్యాక్‌లు ఇంటి వైఫైలోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఓడలో ఇంటర్నెట్ ఖరీదు. ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రేవు పేరు కొడితే చుట్టుపక్కల జనం పక్షులు చూసే చోట్లు, ఏ నెలలో ఏం కనిపించాయో వస్తాయి. వాటి స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి.

ప్రాక్టీస్ ఇక్కడే

అక్కడికెళ్లాక బైనాక్యులర్ నేర్చుకుందామంటే కుదరదు. పఫిన్ కళ్లముందు నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తుంది.

చలికాలంలో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దిగువకు వెళ్లండి. గేట్లు మూసి ఉన్నప్పుడు బండల మధ్య మడుగులు నిలుస్తాయి. వాటి మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగుతుంది. ముక్కు నేరుగా కిందికి, తల కదలదు, రెక్కలు మాత్రం కొట్టుకుంటుంటాయి. ఉన్నట్టుండి రెక్కలు ముడిచి నీళ్లలో పడుతుంది. మీ పని ఇది: పిట్టను మామూలు కంటితో పట్టుకోండి, చూపు దాని మీంచి తీయకుండా బైనాక్యులర్‌ని పైకెత్తి కళ్లకు పెట్టండి. చూపు దించి బైనాక్యులర్ వెతుక్కుంటే పిట్ట పోయినట్టే. వారం రోజులు ఇదొక్కటే చేయండి. తర్వాత నది మీద ఎగిరే టర్న్‌లను, అంటే సన్నటి కోసు రెక్కలు, చీలిన తోక ఉన్న తెల్లటి పక్షుల్ని, వెంటాడుతూ చూడండి. అవి మలుపు తిరిగినా బొమ్మ చేజారకుండా పట్టుకోగలిగితే మీరు ఉత్తర సముద్రాలకు సిద్ధమే. అక్కడ గానెట్ అనే పెద్ద తెల్లపక్షి ముప్పై మీటర్ల ఎత్తు నుంచి కూడా ఇలాగే నీళ్లలోకి దూకుతుంది.

రెండో పాఠం గుంటూరు పక్కన, పెదకాకాని మండలం ఉప్పలపాడులో. ఆ ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. వాచ్‌టవర్ ఎక్కి, సాయంత్రం ఎదురువెలుగులో తిరిగొచ్చే పక్షుల్ని రంగు చూడకుండా ఆకారంతో గుర్తుపట్టండి. మెడ చాచి ఎగిరేది ఎర్రకాళ్ల కొంగ, మెడ మడిచి ఎగిరేది గూడబాతు. ఇది ఎందుకంటే, అక్కడి కొండల మీద పఫిన్, గిల్లిమాట్, రేజర్‌బిల్ మూడూ పైన నలుపు, కింద తెలుపు. దూరం నుంచి ముక్కు రంగు తెలియదు. గిల్లిమాట్ ముక్కు సూదిగా, రేజర్‌బిల్ ముక్కు మొద్దుగా ఉంటుంది. పఫిన్ పొట్టిగా, తల పెద్దగా, మిగతా రెండిటికన్నా రెక్కలు వేగంగా కొడుతూ పోతుంది.

వీలుంటే కైకలూరు దగ్గర ఆటపాక కూడా చూడండి. కొల్లేరు బురదల్లో చలికాలంలో తిరిగే ఎర్రకాళ్ల రెడ్‌షాంక్‌ని అక్కడ బాగా గుర్తుపెట్టుకోండి. జూన్‌లో ఐస్‌లాండ్‌లో అదే జాతి కంచె గుంజెక్కి, మీరు గూటి దగ్గరకొచ్చారని గోలగోల చేస్తుంది. మన బురదల్లో తిరిగే పిట్టకు అంత గొంతు ఉందా అనిపిస్తుంది.

రేవు రోజు: వెనక నుంచి లెక్క

ఓడ ఐదింటికి బయల్దేరుతుందంటే అందరూ నాలుగున్నరకే ఎక్కేయాలనుకోండి (ఈ గడువు ముందురోజు రాత్రి గదికొచ్చే కాగితం మీద ఉంటుంది, కొన్నిచోట్ల గంట ముందే). మీరు మూడున్నరకు రేవు గేటు దగ్గర ఉండాలి. ఉదయం ఎనిమిదింటికి ఓడ ఆగినా దిగేసరికి ఎనిమిదీ ముప్పావు. మిగిలింది ఆరూముప్పావు గంటలు. సొంతంగా వెళ్తుంటే ఒకవైపు ప్రయాణం గంట దాటకూడదని నియమం పెట్టుకోండి. గంట దాటే చోటుకు ఓడవాళ్ల టూరులోనే వెళ్లండి. వాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు. డబ్బు ఎక్కువే తీసుకుంటారు, ఆ ఎక్కువ దీనికే.

గడియారం దగ్గర జాగ్రత్త. వేసవిలో నార్వే మనకంటే మూడున్నర గంటలు, ఐస్‌లాండ్ ఐదున్నర గంటలు వెనక. ఓడ మాత్రం తన టైమే పాటిస్తుంది, అది ఊరి టైముతో కలవకపోవచ్చు. ఫోను దానంతటదే మారిపోతుంది కాబట్టి చేతికి మామూలు వాచీ కట్టుకుని ఓడ టైముకు పెట్టుకోండి.

ఓడ రేవుకు ఆనుకోకుండా దూరంగా లంగరేస్తే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఓడ టూర్లవాళ్లు ముందు, మిగతావాళ్లు తర్వాత. దీనికి గంట పోవచ్చు. అలాంటి రేవులో నడిచి చేరే చోటే పెట్టుకోండి.

ఏ రేవులో ఎక్కడ

నార్వేలోని ఓలెసుండ్‌లో ఎక్కడికీ పోనక్కర్లేదు. ఓడ ఊరి మధ్యకే వస్తుంది, అక్కడి భవనాల గోడల మీదే కిట్టివేక్‌లు గూళ్లు పెడతాయి. చిన్నసైజు సీగల్, రెక్కల చివర్లు సిరాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంటాయి. కిటికీ చూరు మీద గడ్డి, మట్టి మెత్తి, దాని మీద రెండు పిల్లలు, కింద ఫుట్‌పాత్ అంతా తెల్లటి రెట్ట. టోపీ పెట్టుకోండి.

ట్రోమ్సోలో ముందు ఓడ ఏ రేవులో ఆగుతుందో చూడండి. ప్రోస్ట్‌నెసెట్ అయితే ఊరి నడిబొడ్డు. పెద్ద ఓడలు చాలావరకు బ్రెయివికాలో ఆగుతాయి, అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సు కావాలి. ఊరి మధ్య నుంచి అరగంట ఎత్తు ఎక్కితే ప్రెస్ట్‌వానెట్ అనే చెరువు. చుట్టూ నడకదారి, బల్లలు. ఎర్రగొంతు డైవర్ అక్కడ గూడు పెడుతుంది, బూడిదరంగు తల, గొంతు మీద ఇటుకరంగు మచ్చ. మన వీధి చెరువు గట్టు మీద కూర్చున్నంత తీరిగ్గా దాన్ని చూడొచ్చు. నా ఓటు ఈ చోటుకే, కేబుల్ కార్ క్యూ జోలికి పోకుండా ఇక్కడికి రండి.

హోనింగ్స్‌వాగ్‌లో అందరూ నార్త్ కేప్ అనే కొండకొనకు వెళ్తారు. మీరు యెస్వార్ పల్లె నుంచి పడవలో యెస్వార్‌స్టాప్పన్ దీవుల చుట్టూ తిప్పే టూరు తీసుకోండి. లక్షల్లో పఫిన్లు, వాటి మీద కన్నేసి తిరిగే తెల్లతోక గద్దలు. ఆ గద్ద రెక్కలు చాస్తే రెండు మీటర్ల పైనే. అది కొండవైపు తిరగ్గానే పక్షులన్నీ ఒక్కసారి గాల్లోకి లేస్తాయి. మొదటిసారి చూసినవాళ్లకు మాట రాదు.

ఐస్‌లాండ్‌లో ఇసాఫ్యోర్దుర్‌కి ఓడ వెళ్తే విగుర్ దీవి టూరుకు ముందే పేరు ఇవ్వండి. పడవలో అరగంట. అక్కడ ఆడ ఐడర్ బాతు నేలమీద గూట్లో కూర్చుని, దారిన పోయే మనిషిని చూసినా లేవదు. గోధుమరంగు ఒళ్లంతా సన్నటి నల్లచారలు, గూటి అంచునంతా తన రొమ్ము నుంచి పీకి పరిచిన బూడిదరంగు నూగు. ఆ నూగును సేకరించి రజాయిల్లో కూరుస్తారు. అదే దీవిలో ఆర్కిటిక్ టర్న్‌లు నెత్తి మీద పొడుస్తాయి, అందుకే దిగగానే చేతికి ఒక కర్ర ఇస్తారు. కొట్టడానికి కాదు. తల కంటే ఎత్తులో పట్టుకుంటే టర్న్ ఆ కర్ర కొసనే పొడుస్తుంది. వంద గ్రాముల పక్షి. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లలో వాటికి చిన్న పరికరాలు కట్టి చేసిన పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి: ఏడాదికి సగటున సుమారు 70,000 కిలోమీటర్లు ఎగురుతున్నాయి, అంటార్కిటికా దాకా పోయి రావడం. అంత దూరం వచ్చి పెట్టిన గుడ్డు కాబట్టి దాని కోపాన్ని తప్పుపట్టలేం.

అకురేరి నుంచి మీవట్న్ సరస్సుకు ఒకవైపే గంట దాటుతుంది, కాబట్టి ఓడ టూరే మేలు. సరస్సు నుంచి పారే లక్సా నదిలో హార్లెక్విన్ బాతు మగది, నీలిబూడిద ఒంటి మీద తెల్లగీతలతో, ఉధృతమైన నీళ్లకు ఎదురీదుతుంటుంది. యూరప్‌లో అది గుడ్లు పెట్టే దేశం ఐస్‌లాండ్ ఒక్కటే. ముఖానికి వల కొనుక్కెళ్లండి, జూన్‌లో దోమల్లాంటి చిన్న పురుగులు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి.

రేక్యావిక్‌లో పాత హార్బర్ నుంచి గంట పఫిన్ బోట్లుంటాయి. పెద్ద ఓడలు ఆగే రేవుకూ దానికీ నాలుగు కిలోమీటర్లు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో లెర్విక్ నుంచి సంబర్గ్ హెడ్ 40 కిలోమీటర్లు, టాక్సీ నలుగురు పంచుకోండి. 1821 నాటి లైట్‌హౌస్ గోడకు ఇవతల నిలబడితే పఫిన్లు చేతికందేంత దగ్గర. స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌యియర్‌బ్యెన్‌లో ఊరి శివారు కుక్కల షెడ్డు పక్కన ఐడర్లు గూళ్లు పెడతాయి. కుక్కలున్నచోటికి నక్క రాదని వాటికి తెలుసు. అక్కడ ధ్రువపు ఎలుగుబంటి బోర్డు దాటి, తుపాకీ ఉన్న గైడ్ లేకుండా ఒక్క అడుగు వేయొద్దు.

చలి, తిండి, మర్యాద

బెజవాడ ఎండలోంచి వెళ్లి 8, 10 డిగ్రీల గాలిలో రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. థర్మల్, దాని మీద ఉన్ని, పైన గాలీ వానా ఆపే జాకెట్. గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది. మంకీ క్యాప్ పెట్టుకుంటే పిల్లలు నవ్వుతారు, పెట్టుకోండి. కూర్చోవడానికి మడతపెట్టే రబ్బరు చాప ముక్క ఒకటి.

చికెన్ పచ్చడి, పాలకోవా సూట్‌కేసులో పెట్టకండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లనివ్వరు. కారప్పొడి, వేయించిన పల్లీలు చాలు. ఓడలో బఫే తిండి సంచీలో వేసుకుని దిగడం కూడా చాలా రేవుల్లో కుదరదు.

గడ్డి కొండల మీద దారి తప్పకండి. పఫిన్ బొరియలు నేల కిందే ఉంటాయి, కాలు పడితే కూలిపోతాయి. అంచు దగ్గర నిలబడకుండా బోర్లా పడుకుని చూడండి. ఫుల్మర్ అనే సముద్రపక్షి గూటికి దగ్గరగా పోతే కంపు కొట్టే నూనె ముఖాన ఉమ్ముతుంది, ఆ జాకెట్ ఇక ఇంటికి తేలేరు. చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు. 2022లో బర్డ్ ఫ్లూ స్కాట్లాండ్‌లో గ్రేట్ స్కువా అనే పెద్ద సముద్రపక్షుల్ని దారుణంగా దెబ్బతీసింది.

ఓడ కదిలాక

రేవు దాటాక గదికి పోయి పడుకోకండి. బయల్దేరిన మొదటి గంట, తెల్లవారాక మొదటి రెండు గంటలు డెక్ మీద ఉండండి. పైడెక్ వద్దు, అక్కణ్నుంచి పక్షులు చుక్కల్లా కనిపిస్తాయి. చుట్టూ నడవడానికి వీలున్న కింది ప్రొమనేడ్ డెక్‌లో, ముందుకు దగ్గరగా, గాలి తగలని పక్క, సూర్యుడు వెనకుండేలా నిలబడండి. అన్ని ఓడల్లో ఈ డెక్ ఉండదు, బుక్ చేసేముందే డెక్ ప్లాన్ చూడండి. బాల్కనీ గది తీసుకుంటే, నార్వే తీరం వెంట ఉత్తరానికి పోతున్నప్పుడు నేల కుడిపక్క, తిరిగొచ్చేటప్పుడు ఎడమపక్క ఉంటుందని గుర్తుంచుకోండి.

ముందుగా కనిపించేది ఫుల్మర్. సీగల్ అనుకుంటారు. సీగల్ రెక్క మధ్యలో వంగుతుంది, ఫుల్మర్ రెక్క కర్రలా బిగుసుకుని ఉంటుంది. నాలుగు కొట్టి, అలల మీద వాలుగా జారుతూ ఓడతో పాటే వస్తుంది. గోధుమరంగులో బలిష్ఠంగా, రెక్కల్లో తెల్లటి పట్టీతో వచ్చి కిట్టివేక్‌ని తరిమి దాని నోట్లోది కక్కించేది స్కువా. ఓడ నుంచి 45 డిగ్రీల కోణంలో ముందుకు చూస్తూ ఉండండి, నేరుగా పక్కకు చూస్తే పక్షి కనిపించేలోపే వెనకబడిపోతుంది. కడుపులో తిప్పితే బైనాక్యులర్ దించి దూరపు సముద్రపు గీతను చూడండి, తగ్గాక మళ్లీ ఎత్తండి. రాసుకోవడానికి చిన్న నోటుబుక్, పెన్సిల్ జేబులో ఉంచుకోండి. తడిచేతికి ఫోన్ తెర స్పందించదు, చలికి బ్యాటరీ కూడా త్వరగా పడిపోతుంది.